బంగారు గడపయు వివాహశాసనములును

హైదరాబాదు నగరమున అబిడ్సు కూడలినుండి నాంపల్లి రైలుస్టేషనునకు పోవు బాటలో గోల్డెన్ థ్రెషోల్డ్ అను పాత భవనమొకటి కలదు. తెలుగున చెప్పవలెనన్న బంగారు గడప. 1905లో లండనున వెలువడిన సరోజినీదేవి కవితాసంపుటము పేరే ఆ యింటికిని వచ్చినది. 1974లో స్థాపింపబడిన హైదరాబాదు విశ్వవిద్యాలయము తన తొలిదినములలో ఆ భవనముననే పనిచేసెను. కవయిత్రి యిల్లనియు, దేశనాయకురాలి యిల్లనియు దానిని చూడవచ్చువారు పెక్కుమంది. వివాహశాసనముల చరిత్రతో దానికి గల సంబంధమును తలచువారు తక్కువ. ఆ సంబంధమునుండి ప్రారంభించి, మన కుటుంబములను గూర్చిన శాసనములు ఏ క్రమమున వచ్చినవి, వచ్చినప్పుడెల్ల ఎవరి యొద్ద ఏమి వెల పుచ్చుకొన్నవి అను విషయమును ఈ వ్యాసమున విచారింపదలచితిమి.

సరోజినీదేవి తండ్రి అఘోరనాథ చట్టోపాధ్యాయుడు వంగదేశపు బ్రాహ్మణుడు, బ్రహ్మసమాజస్థుడు. ఎడింబరో విశ్వవిద్యాలయమున విజ్ఞానశాస్త్రము నభ్యసించి హైదరాబాదునకు వచ్చి, తరువాత నిజాము కళాశాలగా పెరిగిన విద్యాసంస్థను నడపినవాడు. వరుడు ముత్యాల గోవిందరాజులు నాయుడు తెలుగువాడు, బ్రాహ్మణేతరుడు, నిజాము కొలువున వైద్యుడు. కన్యకు భాష వేఱు, ప్రాంతము వేఱు, కులము వేఱు. ఆమె 1895లో నిజాము ప్రభుత్వపు విద్యార్థివేతనముతో ఇంగ్లండునకు పోయి 1898లో తిరిగివచ్చెను. ఆ సంవత్సరము డిసెంబరు నెలలో మదరాసున ఈ వివాహము జరిగెను. దానిని జరిపించినవారు కందుకూరి వీరేశలింగం పంతులుగారు.

నాటి హిందూధర్మశాస్త్రము ననుసరించి న్యాయస్థానములు ఇట్టి వివాహమును అంగీకరింపవు. పై వర్ణపు కన్యను క్రింది వర్ణపు పురుషుడు పెండ్లాడుట ప్రతిలోమము. అది చెల్లదని తీర్పులుండెను. మంత్రములు చదివినను, ఏడడుగులు నడచినను, నలుగురు ఆశీర్వదించినను, కోర్టునకు పోయిన నాడు అది పెండ్లి కాదు. పుట్టిన బిడ్డలు సక్రమసంతానము కారు. అందుచేత ఆ దంపతులు 1872వ సంవత్సరపు మూడవ ఆక్టు ననుసరించి వివాహమాడిరి. దానికి ప్రత్యేకవివాహశాసనమని పేరు. బ్రహ్మసమాజపు వారు కోరగా పుట్టినది గనుక బ్రహ్మవివాహశాసనమనియు లోకులు వాడుచుండిరి.

ఆ శాసనపు నిబంధనలు ఆ కాలమునకు ఎంతయో ముందడుగు వేసినవి. వరునకు 18 ఏండ్లు, కన్యకు 14 ఏండ్లు నిండవలెను. 21 ఏండ్లు నిండనివారు తండ్రి యొక్కయో సంరక్షకుని యొక్కయో సమ్మతి చూపవలెను. ఇద్దరిలో ఎవరికిని బ్రతికియున్న భార్యగాని భర్తగాని ఉండరాదు. పదునాలుగు దినములు ముందుగా రిజిస్ట్రారునకు తెలియజేసి, అతనియెదుటను ముగ్గురు సాక్షుల యెదుటను వివాహము చేసికొనవలెను. పెండ్లాడిన తరువాత మఱియొకరిని పెండ్లాడుట శిక్షార్హము. విధిలేనప్పుడు విడిపోవుటకు సయితము త్రోవ కలదు. ఎనిమిదేండ్ల బాలికను అరువదేండ్ల వృద్ధునకు కట్టబెట్టిన నాడు అడుగువారు లేని దేశమున ఇన్ని మేళ్లను ఒక్క చట్టమున కూర్చుట సామాన్యమా?

కాని దానికొక వెల యుండెను. తాను క్రైస్తవుడను గాననియు, యూదుడను గాననియు, హిందువును గాననియు, మహమ్మదీయుడను గాననియు, పారసీకుడను, బౌద్ధుడను, సిక్కును, జైనుడను గాననియు వధూవరులిరువురును వ్రాసి సంతకము చేయవలెను. ఇందులో ఏ మతమును అవలంబింపనివారికే ఆ శాసనము. ఉపనిషత్తులు పఠించువాడును, ఇంట దీపారాధన చేయునదియు తాము హిందువులము గామని ప్రభుత్వపు కాగితముమీద వ్రాయవలసి వచ్చెను. ఆదిబ్రహ్మసమాజమువారు, మేమును హిందువులమే యని ఈ నిబంధనను నిరసించిరి. కేశవచంద్రసేనుని పక్షమువారు అంగీకరించిరి. అంగీకరించిన కేశవచంద్రుడే 1878లో, 14 ఏండ్లు నిండని తన కుమార్తెను కూచ్‌బిహారు రాజునకు ఇచ్చి పెండ్లి చేసెను. ఆ కారణమున సమాజము చీలి సాధారణ బ్రహ్మసమాజము పుట్టినది. శాసనమును కోరి తెచ్చుట ఒకటి. దానిని తన యింట పాటించుట వేఱొకటి.

ఇట్లు వెల పుచ్చుకొనుట ఆ శాసనముతో మొదలు కాలేదు. ఈశ్వరచంద్ర విద్యాసాగరుని కృషివలన 1856లో వితంతు పునర్వివాహశాసనము వచ్చినది. అందు మొదటి నిబంధన విధవకు మరల పెండ్లాడు హక్కు నిచ్చినది. రెండవ నిబంధన, అట్లు పెండ్లాడిన దినముననే మొదటి భర్త ఆస్తిలో ఆమెకుగల అనుభవహక్కును తీసివేసినది. చేతిలోని అన్నము విడిచిన గాని నొసట కుంకుమ లేదన్నమాట. ఆ శాసనము పుట్టిన 25 ఏండ్లకు, 1881 డిసెంబరు 11వ తేదీన, వీరేశలింగం పంతులుగారు రాజమహేంద్రవరమున తమ మొదటి వితంతు వివాహమును జరిపించిరి. పైడా రామకృష్ణయ్యగారు ధనసహాయము చేసిరి. చట్టమున్నను పురోహితుడు దొరకుట కష్టము, వంటవాడు దొరకుట కష్టము, బంధువులు వెలివేయుదురు. ఇరువదియైదేండ్లు పుస్తకమున నిద్రించిన ధర్మమును లేపుటకు అన్ని అవమానములు పడవలసివచ్చెను. పదునేడేండ్ల తరువాత మదరాసున సరోజినీదేవి పెండ్లికి పెద్దయై నిలిచినవారును ఆయనయే యగుట యాదృచ్ఛికము కాదు.

ఇచ్చట ఒక మాట చెప్పకున్న చరిత్రకు అన్యాయము చేసినవారమగుదుము. విధవావివాహము, విడాకులు అను రెండును మన దేశమునకు చట్టములు తెచ్చిపెట్టిన క్రొత్తలని చదువుకొన్నవారు వ్రాయుట వాడుక. అది పైకులముల చరిత్ర మాత్రమే. తెలుగునాట పెక్కు కులములలో మారుమనువు అనాదిగా కలదు. కులపెద్దలయెదుట ఇచ్చిపుచ్చుకొనినవి లెక్కచూచుకొని, తప్పు చెల్లించి, ఆలుమగలు విడిపోవుటయు కలదు. విడాకులు అను పదమున ఆకు నేటికిని కనబడుచునే యున్నది. 1955వ సంవత్సరపు హిందూవివాహశాసనము సయితము ఆచారసిద్ధమైన విడాకులను రద్దుచేయలేదు. అయితే ఆచారమును నమ్ముకొన్నవారు దానిని కోర్టులో నిరూపింపవలెను. కులపంచాయతిలో అందఱకు తెలిసిన సంగతి, కోర్టులో కాగితము లేనిదే ఎవరికిని తెలియని సంగతి యగును. రెండవ పెండ్లి చేసికొన్న పేదరాలి మొదటి విడాకులకు నిదర్శనము లేకపోయిన, ఆమె రెండవ పెండ్లియే చెల్లకుండ పోవును. చట్టము విద్యావంతులకు త్రోవ తీయుచు, చదువురానివారికి పాతత్రోవను ఇఱుకు చేసినది.

ఇక ప్రత్యేకవివాహశాసనపు కథను ముగింతము. 1923లో హరిసింగు గౌరు కృషిచే అది సవరింపబడెను. హిందువులు, బౌద్ధులు, సిక్కులు, జైనులు తమలో తాము వివాహమాడునప్పుడు మతమును కాదనుకొని వ్రాయ నక్కరలేదు. కాని అట్లు పెండ్లాడిన హిందువు ఉమ్మడికుటుంబమునుండి విడిపోయినట్లే లెక్క. మతము విడువ నక్కరలేదు. అన్నదమ్ముల పొత్తు విడువవలెను. 1954లో క్రొత్త ప్రత్యేకవివాహశాసనము వచ్చినది. ఏ మతమువారు ఏ మతమువారినైనను, తమ మతములను విడువకయే పెండ్లాడవచ్చును. ఉభయుల సమ్మతితో విడిపోవు పద్ధతియు అందు మొదటినుండి కలదు. అయినను వివాహాధికారికి నోటీసు ఇచ్చిన పిమ్మట 30 దినములు ఆగవలెను; ఆ నోటీసును అందఱకు కనబడునట్లు అంటింపవలెను. ఇష్టములేని తండ్రికిని, కోపించిన మేనమామకును, పనిలేని పొరుగువానికిని అది ఆహ్వానపత్రికయే. ప్రేమించి పెండ్లాడదలచిన నిరుపేద యువతికి ఆ ముప్పది దినములే కష్టకాలము. ఒకప్పుడు మతము, తరువాత పొత్తు, పిమ్మట గోప్యము: వెల మాఱినదిగాని వెల పుచ్చుకొను వాడుక మాఱలేదు.

పై శాసనములలో స్వరాజ్యమునకు ముందు వచ్చినవన్నియు బ్రిటిషు ఇండియాలో పుట్టినవి. హైదరాబాదు వేఱు ప్రభుత్వముగల సంస్థానము; దాని కోర్టులు వేఱు, శాసనములు వేఱు. నాంపల్లికి కూతవేటు దూరమునగల రెసిడెన్సీ బజారులు 1933 వఱకును బ్రిటిషువారి అధికారమున నుండెను. అబిడ్సునుండి సుల్తానుబజారునకు నడచిపోవు మనుష్యుడు పావుగంటలో ఒక న్యాయాధికారమును విడిచి వేఱొక న్యాయాధికారమున కాలు పెట్టుచుండెను. 1929లో వచ్చిన శారదాశాసనము కన్యకు 14, వరునకు 18 ఏండ్ల వయఃపరిమితి నేర్పఱచినది. అదియు బ్రిటిషు ఇండియాకే గాని సంస్థానములకు వర్తింపలేదు. చట్టము నచ్చని బ్రిటిషు ఇండియావారు సంస్థానములోని బంధువుల యింట పెండ్లి జరుపుకొని తిరిగిపోవుటకు ఆ సరిహద్దు వీలిచ్చెను.

సరిహద్దునకు తోడు భాష యొకటి. నిజాము కోర్టులలో మొదట పారసీకము, పిమ్మట ఉర్దూ నడచెను. తెలుగింటి ఆడుబిడ్డ భరణమునకై కోర్టునకు పోయిన, తన మాట ఏమని వ్రాయబడినదో ఆమెకు తెలియదు. సంస్కర్తలకు సయితము ఈ బాధ పట్టలేదనుటకు 1921 నవంబరులో జరిగిన ఒక సంఘటన సాక్ష్యము. వితంతు స్త్రీల విద్యకై జీవితమును ధారపోసిన ధోండో కేశవ కార్వేగారి అధ్యక్షతన వివేకవర్ధిని నాటకశాలలో నిజాం రాష్ట్ర సంఘసంస్కార సభ జరిగెను. అందు ఆలంపల్లి వెంకటరామారావుగారు తెలుగున మాటలాడ లేవగా సభికులు అల్లరిచేసి కూర్చుండబెట్టిరి. ఆ అవమానము సహింపలేక తెలుగువారు నాడే ఆంధ్రజనసంఘమును స్థాపించుకొనిరి. ఆ సంఘము పెరిగి, 1930లో జోగిపేటలో ఆంధ్రమహాసభ మొదటి సమావేశము జరిగినప్పుడు, దానితోపాటు నడింపల్లి సుందరమ్మగారి అధ్యక్షతన మహిళాసభయు జరిగెను. స్త్రీల బాధను పోగొట్టుటకు చేరిన సభ, ఆ స్త్రీలలో అధికసంఖ్యాకుల భాషను వినలేకపోయెను. అర్థముకాని ధర్మము లేనిదానితో సమానమని తెలుగువారు నాడు నేర్చిన పాఠము నేటికిని పాతబడలేదు.

ఒక్క తెలుగుజాతికే రెండు చట్టములుండుట స్వరాజ్యము వచ్చిన తరువాత కూడ కొంతకాలము సాగెను. మదరాసు రాష్ట్రము 1949లో హిందువులకు బహుభార్యాత్వమును నిషేధించి విడాకుల నిచ్చు శాసనమును చేసినది. అది నెల్లూరివారికిని బెజవాడవారికిని వర్తించెను. హైదరాబాదు సంస్థానములోని తెలుగువారికి వర్తింపలేదు. ఢిల్లీలో అంబేద్కరుగారు హిందూస్మృతి బిల్లును నెగ్గించుకొనలేక, 1951 సెప్టెంబరులో మంత్రిపదవిని విడిచిరి. తుదకు ఆ బిల్లు ముక్కలుముక్కలుగా వచ్చినది. 1955 మే 18వ తేదీన హిందూవివాహశాసనము, 1956లో వారసత్వము, మైనరుల సంరక్షణ, దత్తతయు భరణమును అనువానిని గూర్చిన మూడు శాసనములు అమలులోనికి వచ్చెను. అప్పుడు కృష్ణకు ఈవలావల నున్న తెలుగు హిందువులందఱు ఒకే వివాహధర్మము క్రిందికి వచ్చిరి.

1955వ సంవత్సరపు శాసనము గడప దాటుటకు విడాకుల ద్వారమును తెఱచుచునే, దాని ప్రక్కన వేఱొక ద్వారమును మూసినది. విడిచిపోయిన భార్యనుగాని భర్తనుగాని తిరిగి కాపురమునకు రావలసినదని కోర్టు ఆజ్ఞాపింపవచ్చునని 9వ నిబంధన. ఇది మన ధర్మశాస్త్రములలోనిది కాదు; ఆంగ్లేయుల మఠన్యాయస్థానములనుండి వచ్చినది. వెనుక 1884 మొదలు 1888 వఱకు బొంబాయిలో రఖ్మాబాయి, బాల్యమున తనకు కట్టబెట్టబడిన భర్తయింటికి పోనని కోర్టులో నిలిచి, చెఱసాలకైనను పోవుదునన్నది ఈ నిబంధన విషయముననే. తరువాత ఆమె వైద్యవిద్య నభ్యసించి ప్రసిద్ధి చెందెను. నూఱేండ్ల పిమ్మట అదే ప్రశ్న కడప సబుకోర్టునుండి మూసీయొడ్డున గల హైకోర్టునకు వచ్చెను. ఒక సినీనటిని, ఆమె పదునాఱేండ్ల పాఠశాలా విద్యార్థినిగా నున్నప్పుడు 1975లో తనకిచ్చి పెండ్లిచేసిరనియు, వెంటనే విడిపోయినదనియు, కాపురమునకు పంపవలసినదనియు భర్త కోరెను. 1983 జూలైలో జస్టిస్ పి. ఏ. చౌదరిగారు 9వ నిబంధన రాజ్యాంగవిరుద్ధమని తీర్పు చెప్పిరి. ఇష్టములేని స్త్రీని ప్రభుత్వపు ఆజ్ఞతో భర్త శయ్యకు పంపుట ఆమె స్వాతంత్ర్యమునకును మర్యాదకును భంగమని ఆ తీర్పు సారాంశము. ఈ తీర్పు ఎక్కువకాలము నిలువలేదు. 1984 ఆగష్టులో సుప్రీముకోర్టు వేఱొక వ్యాజ్యమున, ఆ నిబంధన కాపురమును నిలుపుటకే గాని బలాత్కారమునకు కాదని చెప్పి దానిని నిలిపినది. మన హైకోర్టు తీర్పు ఓడిపోయినదనుట నిజము. ఓడిన ఆ తీర్పునే న్యాయవిద్యార్థులు నేటికిని చదువుచున్నారనుటయు నిజము.

విడాకుల విషయమున 1955 శాసనము మొదట తప్పు నిరూపింపుమన్నది. వ్యభిచారము వంటి తప్పును నిరూపింపవలెను. ఆలుమగలు గౌరవముతో విడిపోదలచినను ఒకరినొకరు దూషించుకొనక గత్యంతరము లేకుండెను. 1976లో ఉభయసమ్మతితో విడాకులు పొందు నిబంధన హిందూశాసనమున చేరెను. ఏడాది వేఱుగా నుండి దరఖాస్తు పెట్టి, తరువాత ఆఱునెలలు ఆగి, మరల వచ్చి చెప్పవలెను. ఆ ఆఱునెలల గడువును తగిన సందర్భములలో తగ్గింపవచ్చునని 2017లో సుప్రీముకోర్టు చెప్పినది. ప్రత్యేకవివాహశాసనమున 1954లోనే యున్న సదుపాయము హిందూశాసనమున చేరుటకు ఇరువదిరెండేండ్లు పట్టినది.

ఇంతవఱకు హిందూకుటుంబములను గూర్చి చెప్పితిమి. నాంపల్లిని గూర్చి చెప్పుచు మహమ్మదీయ కుటుంబములను విడుచుట ఎట్లు? ఆ మతమున వివాహము మొదటినుండియు ఒడంబడిక. వధువు సమ్మతి, మెహరు అను స్త్రీధనము, సాక్షులు, ఖాజీ వ్రాయు నిఖానామా: ఇవి మన శాసనకర్తలు 1872లో కష్టపడి తెచ్చిన నియమములకు దగ్గఱివి. నగరపు ఖాజీలు వ్రాసిన పుస్తకముల ప్రతులు నాంపల్లి హజ్‌హౌసు ఆవరణమున వక్ఫ్‌బోర్డు ఖజాత్ శాఖకు చేరుటయు, అక్కడనుండి వివాహ ధ్రువపత్రములు పొందుటయు చిరకాలపు వాడుక. కాని కాగితము సత్యమును చెప్పినప్పుడే రక్ష. 1991 ఆగష్టులో హైదరాబాదునుండి ఢిల్లీకి పోవు విమానమున, అరువదేండ్ల విదేశీయుని ప్రక్కన ఏడ్చుచున్న చిన్నబాలికను విమానపరిచారిక గుర్తించి అధికారులకు తెలిపినది. ఆ పిల్లకును నిఖానామా ఉండెను. వయస్సును తప్పువ్రాసిన పత్రము బాలికకు రక్ష గాక, కొనినవానికి రసీదు అగును.

విడిపోవు విషయమున మహమ్మదీయ స్త్రీకి 1939లో ఒక శాసనము మార్గమిచ్చెను. ఒక్కమాటు మూడుసార్లు తలాకు చెప్పు పద్ధతిని 2017 ఆగష్టు 22న సుప్రీముకోర్టు కొట్టివేసినది. విడాకులు పొందిన మహమ్మదీయ స్త్రీ సాధారణ క్రిమినలు ప్రొసీజరు కోడు ననుసరించి భరణము కోరవచ్చునా అను ప్రశ్న తెలంగాణమునుండియే సుప్రీముకోర్టునకు పోయెను. కుటుంబన్యాయస్థానము నెలకు రు. 20,000 ఇమ్మన్నది, హైకోర్టు దానిని రు. 10,000 చేసెను, అదియు ఇయ్యనక్కరలేదని భర్త పోయెను. 2024 జూలై 10న జస్టిస్ నాగరత్న, జస్టిస్ మసీహ్ గారలు ఆమెకు ఆ హక్కు కలదని తీర్పుచెప్పిరి. 2025 జూన్ నెలలో తెలంగాణ హైకోర్టు, ఖులా అను పద్ధతిని భార్య విడాకులు కోరునప్పుడు భర్త యొప్పుకొనుట ఆవశ్యకము కాదని చెప్పినది. ఖురానున నున్న హక్కునే ఆమెకు కోర్టు తిరిగి యిచ్చినదని చెప్పుట సమంజసము.

నాంపల్లిలో పబ్లిక్‌గార్డెన్సు ప్రక్కన 1913లో పూర్తియైన పురమందిరమే శాసనసభ. 1956లో ఢిల్లీలో చేసిన వారసత్వశాసనము కూతుళ్లకు తండ్రి స్వార్జితమున భాగమిచ్చినదిగాని, ఉమ్మడిఆస్తిలో పుట్టుకతో హక్కును కొడుకులకే ఉంచెను. ఈ లోపమును సరిదిద్దుటకు దేశమంతటికిని ముందుగా కదలిన శాసనసభలలో మనది యొకటి. నందమూరి తారకరామారావుగారు ముఖ్యమంత్రిగా నున్నప్పుడు చేయబడిన సవరణ, 1985 సెప్టెంబరు 5వ తేదీనుండి కూతురును కొడుకుతో సమానముగా పుట్టుకతోనే భాగస్వామినిగా చేసెను. ఇందును వెల యొకటి కలదు: ఆ తేదీకి ముందు పెండ్లియైన కూతుళ్లకు ఆ హక్కు లేదు. ఒక్క తండ్రికి పుట్టిన అక్కకు లేక, చెల్లెలికి వచ్చెను. 2005 సెప్టెంబరు 9వ తేదీనుండి కేంద్రశాసనమే సవరింపబడి పెండ్లియైన కూతుళ్లకును హక్కు కలిగినది. తండ్రి ఆనాటికి బ్రతికియుండ నక్కరలేదని 2020లో సుప్రీముకోర్టు స్పష్టము చేసెను.

ఆ శాసనసభకు కొలది దూరముననే నాంపల్లి క్రిమినలు కోర్టులు. భర్తయు అత్తింటివారును పెట్టు క్రూరహింసను నేరముగా చేసిన 498-ఎ నిబంధన 1983లో వచ్చినది. 2024 జూలై 1నుండి భారతీయ న్యాయసంహితలో 85, 86 నిబంధనలుగా నడచుచున్నది. జైలుకు పంపుట హింసించినవానికి శిక్షయే. రాత్రి తలదాచుకొనుటకు ఆమెకు చూరు చూపదు. ఆ లోటును తీర్చినది 2005వ సంవత్సరపు గృహహింసానిరోధక శాసనము. 2006 అక్టోబరు 26నుండి అమలులోనున్న ఈ చట్టపు 17వ నిబంధన, కలిసి కాపురమున్న యింటిలో నివసించు హక్కు స్త్రీకి కలదని చెప్పినది. ఆస్తి ఆమె పేర లేకపోయినను ఇంటినుండి గెంటరాదు. 1856 నుండి ఆడుదాని విషయమున శాసనములెల్ల గడప దాటుటను గూర్చియే మాటలాడినవి: పుట్టింటినుండి, వైధవ్యమునుండి, కులమునుండి, కాపురమునుండి. గడపలోపల నిలిచియుండు హక్కును చెప్పుటకు నూటయేబది యేండ్లు పట్టినది.

అందఱికంటె వెనుక చట్టపు చూపు పడినది బిడ్డలమీద. 1890వ సంవత్సరపు సంరక్షకశాసనము తండ్రిని కాదని వేఱొకరిని సంరక్షకునిగా నియమించుటకు ఎన్నో అడ్డంకులు పెట్టెను. 1956 శాసనమును తండ్రియే సహజసంరక్షకుడు, అతని తరువాత తల్లి యన్నది. అయినను అయిదేండ్లలోపు బిడ్డ సామాన్యముగా తల్లియొద్దనే యుండవలెననియు, బిడ్డ మేలే అన్నిటికంటె పైదనియు చెప్పినది. హనఫీ ధర్మమునందు కొడుకునకు ఏడేండ్లు వచ్చువఱకును కూతురు ఈడేఱు వఱకును తల్లియే పెంచవలెనని పూర్వమునుండి కలదు. అతని తరువాత అను మాటకు అతడు మరణించిన తరువాత అని మాత్రమే అర్థము కాదనియు, తండ్రి బిడ్డను పట్టించుకొననప్పుడు తల్లియే సంరక్షకురాలనియు 1999లో గీతా హరిహరన్ అను రచయిత్రి వేసిన వ్యాజ్యమున సుప్రీముకోర్టు తేల్చెను. చెల్లని పెండ్లివలన పుట్టిన బిడ్డను 1976 సవరణ సక్రమసంతానముగా లెక్కించెను. తలిదండ్రుల భాగమున అట్టి బిడ్డకు వాటా కలదని 2023 సెప్టెంబరు 1న సుప్రీముకోర్టు తేల్చినది. తలిదండ్రుల తప్పునకు బిడ్డ చెల్లించు జరిమానా ఇన్నాళ్లకు తగ్గినది.

ఈ క్రమమును చూడుడు. మొదట పెండ్లి, తరువాత విడిపోవుట, అటుపిమ్మట ఆస్తి, దానివెనుక నిలువనీడ, తుదకు బిడ్డ. గొంతు పెద్దదిగా గలవారి కోరికను చట్టము ముందు వినెను. గొంతులేనివారిది చివర వినెను. బలవంతునకు వెల తక్కువ, బలహీనునకు ఎక్కువ. మనము చట్టమును నిందించి ఊరకుండిన ప్రయోజనము లేదు. ఇంటిలో మనము పాటించు క్రమమును ఇదియే కదా! పెండ్లిచూపులలో మగపిల్లవాని అభిప్రాయమును ముందు అడుగుదుము. ఆడుపిల్లను పిమ్మట అడుగుదుము, ఒక్కొక్కప్పుడు అడుగనే అడుగము. ఆలుమగలు తగవులాడినపుడు పెద్దలు కట్నముల లెక్క చూచుదురు. బిడ్డ ఏ బడికి పోవుచున్నదో చూడరు.

కావున చదువరులకు మా మనవి. పెండ్లి జరిగిన వెంటనే నమోదు చేయింపుడు. మన ఉమ్మడి రాష్ట్రమున 2002లోనే అన్ని వివాహములను నమోదు చేయవలెనను శాసనము వచ్చినది. ఆలయపు రసీదో, పెండ్లిపందిరి ఛాయాచిత్రమో చాలునని ఊరకుండరాదు. ఆ పత్రపు ప్రతియొకటి కన్యచేతిలోనే ఉండవలెను, అత్తవారి బీరువాలో కాదు. వయస్సు నిజముగా వ్రాయింపుడు. నేటి చట్టమున కన్యకు 18, వరునకు 21 ఏండ్లు నిండవలెను. విడిపోక తప్పనప్పుడు నేరములు వెదకుటకంటె, ఒప్పుకొని విడిపోవుటయందు బిడ్డలకు మేలు. ఎవరి యొద్ద ఏ దినములలో నుండవలెను, బడిజీతము ఎవరు కట్టవలెను అను సంగతులు ముందే వ్రాసికొన్నచో న్యాయాధిపతి యెదుట బిడ్డను నిలువబెట్టి, అమ్మ కావలెనా నాన్న కావలెనా యని అడిగించు పాపము తప్పును. కోర్టు ఖర్చునకు వెఱచి ఆగిపోవు స్త్రీలకు ఒక మాట: 1987వ సంవత్సరపు న్యాయసేవాశాసనము ననుసరించి స్త్రీలకును బాలలకును, వారి ఆదాయమెంతయైనను, ఉచిత న్యాయసహాయము కలదు. ప్రతి జిల్లాలోను అందుకు సంస్థ యున్నది. ఇంటి పనిమనిషికిని, కూరలమ్ము అమ్మకును ఈ సంగతి తెలుగున చెప్పుట చదువుకొన్నవారి బాధ్యత.

1898లో ఒక కవయిత్రి తన మనస్సునకు నచ్చినవానిని పెండ్లాడుటకు, తాను హిందువును గానని వ్రాసి యిచ్చెను. ఆమె తండ్రి విద్వాంసుడు, వరుడు వైద్యుడు, పెండ్లి చేయించినవారు వీరేశలింగం పంతులుగారు. అట్టి అండ గలవారు గనుక ఆ వెలను చెల్లించి నిలువగలిగిరి. అండలేని ఆడుబిడ్డలు నేడును నాంపల్లి కోర్టు మెట్లమీద తమ పేరు పిలుచువఱకు కూర్చుండియున్నారు. వారి చేతిలో నమోదుపత్రమున్నదా, వారి భాషలో వారికి చెప్పువారున్నారా, చంకలోని బిడ్డ ఆ రాత్రి ఎవరియింట నిద్రించును అను మూడు ప్రశ్నలకు మంచి జవాబు దొరకు ఏర్పాటు చేయుట మన చేతిలోనే యున్నది.